హాగెన్ : కంచె లోపల పుట్టిన ఇంటిపేరు

నార్వే దేశంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లు వరసగా రాసుకుంటే ముందు హన్సెన్, యొహాన్సెన్, ఊల్సెన్ లాంటివి వస్తాయి. చివరనున్న 'సెన్' అంటే కొడుకు. హన్స్ కొడుకు హన్సెన్, ఊలె కొడుకు ఊల్సెన్. ఈ కొడుకుల వరసలు దాటాక ఇంకో రకం పేర్లు మొదలవుతాయి. వాటిలో పైనుండేవి మూడు: బెర్గ్, హౌగెన్, హాగెన్. బెర్గ్ అంటే కొండ. హౌగెన్ అంటే మిట్ట. హాగెన్ అంటే కంచె వేసిన దొడ్డి.

హాగెన్ అనే ఇంటిపేరు జర్మనీలోనూ ఉంది. అక్కడ ఆ పేరుతో ఒక పెద్ద పట్టణమే ఉంది. 'హాగెన్' అనే తోకతో ముగిసే పల్లెలు ఉత్తర జర్మనీ నిండా ఉన్నాయి.

కొండ, మిట్ట, దొడ్డి! ఎంత అందమైన పేర్లు, ప్రకృతిని ఎంత ప్రేమించే జనం అని చదువుకున్న పెద్దమనిషి మురిసిపోతాడు. కూలి మనిషి మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. దొడ్డి సరే, ఆ దొడ్డి ఎవరిది? ఆ కంచె ఎవరు నాటారు, లోపల పంట ఎవరింటికి పోయింది?

ఆ ప్రశ్న పట్టుకుని వెళితే ఈ చిన్న మాట వెనకాల రెండు దేశాల కూలీల చరిత్ర బయటపడుతుంది.

మాట ఎక్కడిది?

పాత నార్వే భాషలో 'హగి' అంటే పశువులు మేసే కంచె భూమి. జర్మన్‌లో 'హాగ్' అంటే ముళ్లకంచె, దడి, ఆ దడి లోపలి నేల. రెండూ ఒకే వేరు నుంచి మొలిచినవే. ఇంగ్లీషులో కంచెను 'హెడ్జ్' అంటారు గదా, అదీ ఆ కుదురుదే. జర్మన్లు 'హాగెడోర్న్' అనే ముళ్లచెట్టుకు ఆ పేరు పెట్టింది కూడా కంచెకు పనికొస్తుందనే. అసలు నార్వే రైతు తన కమతాన్ని 'గార్డ్' అంటాడు. ఆ మాటకూ మూలార్థం కంచే. అంటే ఆ దేశాల్లో వ్యవసాయమంటేనే దడి కట్టడం. లోపల పంట, బయట అడవి, ఉమ్మడి బీడు.

నార్వే భాషలో ఒక తమాషా ఉంది. మనం మాటకు ముందు 'ఆ' అని చెప్పేదాన్ని వాళ్లు మాట చివర తగిలిస్తారు. 'హాగె' అంటే దొడ్డి, 'హాగెన్' అంటే ఆ దొడ్డి. ఏ దొడ్డి? చుట్టుపక్కల వాళ్లందరికీ తెలిసిన ఆ దొడ్డి. "ఎవరింటికి పోతున్నావు?" "ఆ దొడ్డికాడి ఊలె ఇంటికి." ఇరుగుపొరుగు ఇట్లా పిలవగా పిలవగా నిలిచిన పేరిది. ఏ రాజూ బిరుదుగా ఇచ్చింది కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకేలా వినబడే పేర్లన్నీ ఒకే చోట పుట్టవు. జర్మన్ల పాత వీరగాథ 'నీబెలుంగెన్'లో హాగెన్ అనే యోధుడున్నాడు. అది మనిషి పేరు. జర్మనీలో కొందరికి ఇంటిపేరు ఆ మనిషి పేరు మీదుగా వచ్చి ఉండవచ్చు. ఐర్లండులో హేగన్లున్నారు, వాళ్ల సంగతి పూర్తిగా వేరు. కాబట్టి పేరు చూసి చుట్టరికం కలపకూడదు. ఆ ఇంటివాళ్లు ఏ ఊళ్లో, ఏ నేల మీద ఉన్నారో విచారించాకే మాట్లాడాలి.

మనిషి మారితే పేరు మారేది

పాతకాలపు నార్వే పల్లెలో మనం అనుకునే ఇంటిపేరు లేదు. మనిషికి సొంత పేరు, తండ్రి పేరు, దాని పక్కన ఉండే చోటు పేరు. ఊలె హన్సెన్ హాగెన్ అంటే హన్స్ కొడుకు ఊలె, ప్రస్తుతం హాగెన్‌లో ఉంటున్నవాడు. ఆ మూడో మాట చిరునామా లాంటిది. వచ్చే ఏడు హాగెన్ వదిలి బాకెన్ అనే చోటికి పోతే అదే మనిషి ఊలె హన్సెన్ బాకెన్ అయిపోతాడు. బాకెన్ అంటే ఏటవాలు నేల. అన్న ఒకచోట, తమ్ముడు ఇంకోచోట ఉంటే ఒక తల్లి బిడ్డలకే వేరు వేరు పేర్లు. ఆడపిల్లకు తండ్రి పేరు పక్కన 'దత్తెర్' అని చేర్చేవారు, కూతురు అని అర్థం.

జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలోనూ ఇలాంటి ఆచారమే ఉండేది. కమతానికి ఇల్లరికం వచ్చిన మగవాడు తన పేరు వదులుకుని ఆ కమతం పేరు పెట్టుకునేవాడు. అంటే అక్కడ నేల మనిషికి చెందలేదు, మనిషే నేలకు చెందాడు. వినడానికి బాగానే ఉంది. కానీ నేల దొరదైతే, నేలకు చెందిన మనిషి ఎవరికి చెందినట్టు?

'ఎయె' అనే తోక

పెద్ద పెద్ద కమతాలకు నార్వేలో పురాతనమైన పేర్లుండేవి. వాటి మూలాలు పండితులకే తెలియాలి. ఊలుఫ్ రిగ్ అనే పండితుడు మొదలుపెట్టిన కమతాల పేర్ల గ్రంథం 1897 నుంచి సంపుటాలుగా వచ్చింది. ఆ పనికి మూలం భాషాభిమానం ఒక్కటే కాదు. భూమి పన్ను రిజిస్టరులో పేర్లు సరిగ్గా రాయాల్సి వచ్చింది, అదీ అసలు అవసరం.

హాగెన్, బాకెన్, హౌగెన్, మూయెన్ లాంటి తేలిక పేర్లు చాలాచోట్ల ఎక్కడివంటే, ఆ పెద్ద కమతం అంచున కూలివాడికి ఇచ్చిన చిన్న చెక్కలవి. దొడ్డి పక్కన ఒకడికి, మిట్ట మీద ఒకడికి, ఏటవాలున ఇంకొకడికి. మంచి నేల రైతు కింద ఉండేది, మిగిలింది వీళ్లకు. అన్ని హాగెన్‌లూ కూలివాళ్ల చెక్కలే అనటం లేదు, సొంత భూమి గల హాగెన్‌లూ ఉన్నాయి. కానీ ఈ పేరు దేశమంతా ఇంతగా వ్యాపించడానికి ఆ చిన్న చెక్కలు ఒక ముఖ్య కారణం.

ఆ చెక్క మీద బతికేవాణ్ణి 'హూస్‌మన్' అనేవారు. అక్షరాలా చెబితే ఇంటిమనిషి. నిజానికి గుడిసె తప్ప వేరే ఆధారం లేనివాడు. గుడిసె కింది నేల రైతుది. దానికి బదులు రైతు పిలిచినప్పుడల్లా పనికి పోవాలి. కోతల కాలం ఒక్కసారే వస్తుంది గదా, రైతుకూ అప్పుడే కోత, వీడికీ అప్పుడే కోత. ముందు రైతు చేను కోసి, తర్వాత తన చెక్క చూసుకోవాలి. భర్తతోపాటు భార్యా, పిల్లలూ పనిలోకి దిగాల్సిందే. వెట్టి చేసిన తాతల మాటలు విన్న మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

చర్చి రిజిస్టర్లలో ఈ కూలీల పేర్లు రాసిన తీరు చూడండి. బెర్గ్ అనే కమతం కింద కూలివాడైతే చోటు దగ్గర 'బెర్గ్స్ఎయె' అని రాసేవారు. 'ఎయె' అంటే సొత్తు. బెర్గ్ వారి సొత్తైన చెక్క మీద ఉన్నవాడు అని అర్థం. బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా, మనిషి చచ్చినా రిజిస్టరులో ఆ తోక వెంట వచ్చేది. ఇంకో సంగతి. భూమి రిజిస్టరులో ప్రతి కమతానికీ నెంబరు ఉండేది, కూలివాడి చెక్కకు విడిగా నెంబరు లేదు. అది పెద్ద కమతం లెక్కలోనే కలిసిపోయేది. నోటిమాటకు పేరుంది, సర్కారు కాగితంలో నేల లేదు.

1855 జనాభా లెక్కల్లో ఇట్లాంటి భూమి చెక్క గల హూస్‌మన్‌లు సుమారు 65 వేలు తేలారు. భార్యాబిడ్డల్ని కలుపుకుంటే ఎన్ని లక్షల నోళ్లో మీరే లెక్కవేసుకోండి. 1814 నాటి నార్వే రాజ్యాంగాన్ని యూరప్‌లో చాలా ఉదారమైనదని పొగిడేవారు. అందులో భూమి గల రైతుకు ఓటుంది. హూస్‌మన్‌కు లేదు.

త్రానె వచ్చాడు

ఈ మనుషుల్ని సంఘంగా కట్టినవాడు మార్కుస్ త్రానె. యూరప్ అంతటా విప్లవాలు లేచిన 1848లో, ఆ ఏడు చివర, ద్రామ్మెన్ పట్టణంలో మొదటి కార్మిక సంఘం పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండా దాదాపు 400 సంఘాలు, సుమారు 30 వేల సభ్యులు. పట్టణ కార్మికులతోపాటు పల్లెల్లోని హూస్‌మన్‌లు పెద్ద ఎత్తున చేరారు. 1850లో రాజుకు అర్జీ పెట్టారు. దాదాపు 13 వేలమంది సంతకాలు చేశారు. అందరికీ ఓటు, ధాన్యం మీద దిగుమతి సుంకం రద్దు, హూస్‌మన్‌ల బతుకు బాగుచేయడం, పేద పిల్లలకు మంచి బడి... ఇవీ కోరికలు. ఇందులో గొంతెమ్మ కోరిక ఏదైనా ఉందా?

రాజు అర్జీ తోసిపుచ్చాడు. 1851 జూలైలో త్రానెను అరెస్టు చేశారు. విచారణ పేరుతో ఏళ్ల తరబడి లోపల ఉంచి, ఆ తర్వాత నాలుగేళ్ల శిక్ష వేశారు. 1858లో బయటికొచ్చాడు. తర్వాత అమెరికా పోయి, 1890లో అక్కడే చనిపోయాడు. 1949లో ఆయన అవశేషాల్ని ఓస్లో తెచ్చి గౌరవంగా సమాధి చేశారు.

మిత్రులు గమనించవలసిన విషయం ఇక్కడుంది. హూస్‌మన్‌లకు రాతపూర్వకమైన ఒప్పందం ఇవ్వాలని 1750లోనే ఒక శాసనం వచ్చింది. వందేళ్లు గడిచాక, 1851లో, మళ్లీ అదే మాట చెబుతూ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. మొదటిది ఎంత బాగా అమలైందో దీన్నిబట్టే తెలుస్తుంది. రెండోది ఏ ఏడాదిన వచ్చిందో చూడండి. నాయకుణ్ణి జైల్లో వేసిన ఏడాదే! సంఘాన్ని పగలగొట్టారు గానీ, సంఘం భయం మాత్రం పాలకుల్ని వదల్లేదు.

జర్మనీలో అడవి కొట్టినవారు

ఇక జర్మనీ సంగతి. 12, 13 శతాబ్దాల్లో ఉత్తర జర్మనీలో దట్టమైన అడవులుండేవి. వాటిని కొట్టి సాగులోకి తేవాలంటే మనుషులు కావాలి. పాత ఊళ్లలో దొర కింద నలిగే రైతు ఊరికే ఎందుకొస్తాడు? అందుకని దొరలు ఆశ చూపించారు. అడవి కొట్టి, చుట్టూ కంచె వేసుకుని ఊరు కట్టుకుంటే నీవు స్వతంత్రుడివి, భూమి నీ బిడ్డలకు వస్తుంది, శిస్తు స్వల్పం, మీ తగువులు మీ సొంత పంచాయతీలో తీర్చుకోవచ్చు. దీన్నే హాగెన్ హక్కు అన్నారు. అట్లా వెలిసిన ఊళ్లే హాగెన్ ఊళ్లు. బాట వెంట వరసగా ఇళ్లు, ఒక్కో ఇంటి వెనక అడవిదాకా పొడవాటి చేను. అప్పట్లో హాగెన్ అనే మాటలో స్వేచ్ఛ వాసన ఉండేది.

అయితే ఊళ్ల పేర్లు చూడండి. ఇవాళ స్టాడ్ట్‌హాగెన్ అనే పట్టణాన్ని మొదట గ్రేవెనాల్వెస్‌హాగెన్ అనేవారు. అంటే అడోల్ఫ్ ప్రభువు హాగెన్. గొడ్డలి పట్టింది కూలివాడు, మొద్దులు పెకలించింది కూలివాడు, పేరు ప్రభువుది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరానికి కూడా పాత పేరు 'ప్రభువుగారి కంచె' అనే.

ఆ స్వేచ్ఛయినా అన్నిచోట్లా నిలవలేదు. తూర్పున మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియా ప్రాంతాల్లో తర్వాతి శతాబ్దాల్లో దొరలు రైతుల్ని నేలలోంచి లేపేసి, చిన్న కమతాల్ని తమ పెద్ద ఎస్టేట్లలో కలిపేసుకున్నారు. పల్లెలకు పల్లెలే మాయమయ్యాయి. మిగిలినవాళ్లు దొరకు కట్టుబానిసలయ్యారు. మెక్లెన్‌బుర్గ్‌లో బానిసత్వం రద్దయింది 1820లో. రద్దయ్యాకైనా కూలివాడికి ఏమొచ్చింది? దొర అనుమతిస్తే తప్ప ఊళ్లో గూడు కట్టుకునే హక్కు లేదు. గూడు లేకపోతే పెళ్లి లేదు.

ఇదే విషయం మీద కథాకావ్యం రాసినవాడు ఫ్రిట్స్ రాయ్‌టర్. 1810లో మెక్లెన్‌బుర్గ్‌లోని స్టావెన్‌హాగెన్‌లో పుట్టాడు. ఊరి పేరులోనే హాగెన్ ఉంది చూడండి. విద్యార్థి ఉద్యమంలో ఉన్నందుకు ఆయనకు మొదట మరణశిక్ష వేసి, దాన్ని 30 ఏళ్ల ఖైదుగా మార్చారు. 1840లో విడుదలయ్యాడు. 1850ల చివర వచ్చిన ఆయన 'కైన్ హ్యూజుంగ్' అంటే 'గూడు లేదు' అని. ఒక పాలేరు, ఒక పనిపిల్ల పెళ్లాడాలనుకుంటారు. దొర గూడు హక్కు ఇవ్వడు. కడుపు మండిన పాలేరు దొరను చంపి పారిపోతాడు. పల్లెజనం మాట్లాడుకునే లోజర్మన్ యాసలోనే రాశాడాయన.

పెళ్లికాని ముదురు మగవాణ్ణి జర్మన్‌లో 'హాగెష్టోల్ట్స్' అంటారు. అందులోనూ ఉన్నది మన హాగే. అసలు అర్థం కంచె చెక్క గలవాడు. పెద్ద కమతం ఒక్క కొడుక్కే పోతే, మిగిలినవాడికి దొడ్డంత చెక్క దక్కేది. దాంతో సంసారం ఈదలేడు కాబట్టి పెళ్లి లేదు. కొన్ని ప్రాంతాల్లో అట్లాంటివాడు చనిపోతే వాడి ఆస్తి ప్రభువుకే చెందేదట. ముందు పెళ్లి చేసుకోలేని బతుకు ఇచ్చారు, తర్వాత పెళ్లి చేసుకోలేదని ఉన్నదీ లాక్కున్నారు.

ఈ మాట ఎంత పాతదో నార్వేలోని వాల్స్‌ఫియోర్డ్ కొండరాయి చెబుతుంది. సుమారు క్రీ.శ. 400 నాటి రూనిక్ లిపిలో అక్కడ ఒకడు తన పేరు చెక్కుకున్నాడు. తాను 'హగుస్తల్దజ్' అనీ, గోదగస్ అనేవాడి సేవకుణ్ణనీ అందులో ఉంది. కంచె చెక్కవాడు, ఇంకొకడి సేవకుడు. పదహారు వందల ఏళ్ల కిందటి ఒక్క రాతిలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

సముద్రం దాటిన దొడ్డి

1825లో మొదటి ఓడ బయల్దేరింది మొదలు, తర్వాతి వందేళ్లలో సుమారు 8 లక్షల మంది నార్వే వదిలి ఎక్కువగా అమెరికా పోయారు. అందులో హూస్‌మన్‌ల బిడ్డలు లెక్కకు మిక్కిలి. నేలలేనివాడికి అక్కడ 1862 చట్టం కింద 160 ఎకరాలు ఇస్తామన్నారు. తనది కాని దొడ్డి పేరును ఇంటిపేరుగా మోసుకుంటూ మిన్నెసోటా, డకోటా బయళ్లకు పోయారు. అక్కడ హాగెన్‌లకు నిజంగానే నేల దొరికింది.

కానీ ఒక మాట దాచకూడదు. ఆ నేల ఖాళీ నేల కాదు. 1862 యుద్ధం తర్వాత డకోటా తెగవారిని మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టారు. ఒకచోట కంచె బయట నిలబెట్టినవాణ్ణి తెచ్చి ఇంకోచోట కంచె వేయించారు. పేదవాడి ఆకలిని ఇంకో పేదవాడి మీదికి తోలడం పాలకులకు ఎప్పుడూ తెలిసిన విద్యే.

ఐదేళ్ల తేడా

1923లో నార్వే ప్రభుత్వం పేర్ల చట్టం చేసింది. ఇకనుంచి తరం తరానికీ, చోటు చోటుకీ మారే పేర్లు చెల్లవు, ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలి. తండ్రి పేరు నిలుపుకున్నవాళ్లు నిలుపుకున్నారు, చోటు పేరు నిలుపుకున్నవాళ్లు నిలుపుకున్నారు. అలా ఎన్నో కుటుంబాలకు హాగెన్ శాశ్వతమైంది.

హూస్‌మన్ తన చెక్కను కొనుక్కుని సొంతం చేసుకునే హక్కు ఇచ్చిన భూమి చట్టం వచ్చింది 1928లో. ముందు పేరు స్థిరమైంది, ఐదేళ్ల తర్వాత నేల మీద హక్కు వచ్చింది. అప్పటికే వేలాది హూస్‌మన్‌లు పట్టణాలకో, అమెరికాకో పోయారు. మిగిలినవాళ్లు తక్కువ. త్రానె అర్జీ నుంచి లెక్కవేస్తే 78 ఏళ్లు.

ఆ కూలి చెక్కల పేర్లు ఇవాళ నార్వేలో ఎవరికీ చిన్నతనం కాదు. రింగ్‌సాకెర్ ప్రాంతపు హూస్‌మన్ గుడిసెలో 1914లో పుట్టిన ఆల్ఫ్ ఊలాఫ్‌సెన్ తాను పెరిగిన చెక్క పేరు 'ప్రోయ్‌సెన్' అనేదాన్నే ఇంటిపేరు చేసుకున్నాడు. పనివాళ్ల బతుకుల మీద కథలు, పాటలు రాసి దేశమంతటికీ ప్రియమైన రచయిత అయ్యాడు. 'ఎయె' అని తోక తగిలించి రాసిన చోటు పేరు పుస్తకాల అట్టలకెక్కింది.

మనం పట్టుకోవలసింది

మిత్రులారా, హాగెన్ కథ ఎక్కడో మంచు దేశపు ముచ్చట అని వదిలేయకండి. ఇందులో తెలుసుకోవలసింది ఒక్కటే. నోట్లో ఉన్న పేరు వేరు, కాగితం మీద ఉన్న పేరు వేరు. "ఫలానావాడి చెలక" అని ఊరంతా పిలిచే నేలకు పట్టా ఎవరి పేర ఉందో వెళ్లి చూడండి, తేడా తెలుస్తుంది. నార్వే కూలివాడికి ఆ తేడా తెలియడానికి సంఘం కావాల్సి వచ్చింది.

కాబట్టి మీ ఊరి ముసలివాళ్లను కూర్చోబెట్టి చేల పేర్లు, కుంటల పేర్లు, దొడ్ల పేర్లు రాసుకోండి. ఆ పేరు ఎవరిదో, ఆ నేల ఎవరు చదును చేశారో, ఎవరు ఎప్పుడు లేపేశారో రాసుకోండి. తర్వాత ఆ కాగితం పక్కన రెవెన్యూ రికార్డు పెట్టి చూడండి. రెండూ కలవని ప్రతిచోటా సంఘానికి పని ఉంది.